యాంటీసెప్టిక్

యాంటీసెప్టిక్ అనగా చర్మం, గాయం, పుండు, నోటిలోని పొరలు మొదలైన సజీవ కణజాలం మీద ఉన్న రోగకారక సూక్ష్మజీవులను చంపడానికి గానీ, వాటి పెరుగుదలను ఆపడానికి గానీ పైపూతగా వాడే రసాయన పదార్థం. దీనిని తెలుగులో క్రిమినాశని, చీము నిరోధకం అని కూడా వ్యవహరిస్తారు. వాడుకలో మాత్రం స్పిరిట్, టింక్చరు, డెట్టాల్, బెటాడిన్ వంటి పేర్లే ఎక్కువగా వినబడతాయి. శస్త్రచికిత్సకు ముందు చర్మాన్ని శుద్ధి చేయడానికి, వైద్యులు, నర్సులు చేతులు శుభ్రపరచుకోవడానికి, కాలిన పుండ్లకు, కుక్కకాటుకు, ప్రసవ సమయంలోను వీటిని ఉపయోగిస్తారు. యాంటీసెప్టిక్ సూక్ష్మజీవులకు విషం. మోతాదు మించితే మానవ కణాలకు కూడా విషమే. ఏ మందును ఎక్కడ, ఎంత గాఢతలో, ఎంతసేపు వాడాలన్న నియమాలన్నీ ఈ ఒక్క విషయం నుండి పుట్టినవే.

పేరు, నిర్వచనం

గ్రీకు భాషలో సెప్సిస్ అంటే కుళ్ళు. కుళ్ళును ఎదిరించేది యాంటీసెప్టిక్. 1750 ప్రాంతంలో బ్రిటిషు సైనిక వైద్యుడు జాన్ ప్రింగిల్ మాంసం కుళ్ళకుండా ఆపే లవణాలను గురించి వ్రాస్తూ ఈ పదాన్ని ఉపయోగించాడు. కుళ్ళుకు కారణం సూక్ష్మజీవులని అప్పటికి ఎవరికీ తెలియదు. పదం ముందు పుట్టింది, కారణం నూరేళ్ళ తరువాత తెలిసింది.

దీనికి దగ్గరగా ఉండే మూడు పదాలతో చాలామంది తికమక పడుతుంటారు. నేల, బల్ల, మరుగుదొడ్డి వంటి నిర్జీవ వస్తువులపై వాడేవి డిసిన్ఫెక్టెంట్లు. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు ఈ కోవకు చెందుతాయి. వీటిని ఒంటికి పూయరాదు. లోపలికి తీసుకున్నప్పుడు రక్తం ద్వారా శరీరమంతా వ్యాపించి బాక్టీరియాపై మాత్రమే గురిపెట్టి పనిచేసేవి యాంటీబయాటిక్‌లు. ఇక స్టెరిలైజేషన్ అంటే స్పోర్లతో సహా సమస్త సూక్ష్మజీవులను నాశనం చేయడం. ఆటోక్లేవు అనే పరికరంలో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒత్తిడితో కూడిన ఆవిరిలో ఉంచి శస్త్రచికిత్స పరికరాలను ఇలా శుద్ధి చేస్తారు. చర్మాన్ని ఎప్పటికీ స్టెరిలైజు చేయలేము. రోమకూపాలలోను, స్వేద గ్రంథులలోను కొన్ని సూక్ష్మజీవులు మిగిలే ఉంటాయి. యాంటీసెప్టిక్ చేయగలిగినది వాటి సంఖ్యను రోగం కలిగించలేనంతగా తగ్గించడమే.

చరిత్ర

ప్రాచీన కాలం నుండి గాయాలకు ద్రాక్షసారా, తేనె, వెనిగరు, పసుపు వంటివి వాడుతూ వచ్చారు. అయితే ఒక రసాయనంతో చేతులు కడిగితే మరణాలు తగ్గుతాయని లెక్కలతో చూపిన మొదటివాడు హంగేరీకి చెందిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. వియన్నాలోని ప్రసూతి ఆసుపత్రిలో వైద్య విద్యార్థులు పనిచేసే విభాగంలో బాలింత జ్వరంతో తల్లులు ఎక్కువగా చనిపోయేవారు. మంత్రసానులు పనిచేసే విభాగంలో అంతగా చనిపోయేవారు కాదు. శవ పరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు నేరుగా ప్రసూతి వార్డుకు వస్తున్నారని అతడు గమనించాడు. 1847 మే నెలలో క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకోవాలని నియమం పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు కొద్ది నెలల్లోనే నూటికి రెండుకు దిగివచ్చాయి. తమ చేతులే రోగిని చంపుతున్నాయన్న మాట సాటి వైద్యులకు రుచించలేదు. సెమ్మెల్‌వైస్ 1865 ఆగస్టు 13న ఒక మానసిక చికిత్సాలయంలో, చీముపట్టిన గాయం వల్ల మరణించాడు.

దానికి సరిగ్గా ఒక రోజు ముందు, 1865 ఆగస్టు 12న, గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ బండి చక్రం క్రింద పడి కాలు విరిగిన 11 ఏళ్ళ బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటకు వచ్చిన ఇటువంటి గాయాలకు ఆ రోజుల్లో కాలు తీసివేయడమే చికిత్స. ఆ బాలుని గాయం చీము పట్టకుండా మానింది. పులియడానికి, కుళ్ళడానికి సూక్ష్మజీవులే కారణమన్న లూయీ పాశ్చర్ పరిశోధనలు చదివి లిస్టర్ ఈ పద్ధతిని ఆలోచించాడు. మురుగునీటి కంపును పోగొట్టడానికి కార్లైల్ పట్టణంలో కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని తెలిసి ఆ రసాయనాన్ని ఎంచుకున్నాడు. 1867లో లాన్సెట్ పత్రికలో తన ఫలితాలను ప్రచురించాడు. తరువాత గాలిలోని క్రిములను చంపడానికి శస్త్రచికిత్స గదిలో కార్బాలిక్ ఆమ్లాన్ని తుంపరగా చల్లేవాడు. దానివల్ల వైద్యుల చేతులు, ఊపిరితిత్తులు దెబ్బతినేవి. గాలికంటె చేతులు, పరికరాలే ముఖ్యమని తేలడంతో 1890 నాటికి తుంపరను తానే విడిచిపెట్టాడు.

మొదటి ప్రపంచ యుద్ధం మరో పాఠం నేర్పింది. లోతైన గాయాలలో గాఢమైన యాంటీసెప్టిక్ పోస్తే అది బాక్టీరియాను చేరకముందే గాయంలోని తెల్ల రక్తకణాలను చంపుతుందని ఆమ్రోత్ రైట్, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ చూపించారు. చచ్చిన కండను కోసి తీసివేసి, గాయాన్ని శుభ్రమైన ద్రవంతో కడగడం మేలని వాదించారు. అదే సమయంలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త, అలెక్సిస్ కారెల్ అనే శస్త్రవైద్యుడు కలసి అర శాతం సోడియం హైపోక్లోరైటు ద్రావణాన్ని సన్నని రబ్బరు గొట్టాల ద్వారా గాయంలోనికి పంపే పద్ధతిని ప్రవేశపెట్టారు. మెత్తని మోతాదులో, తరచుగా వాడాలన్నది వారి సూత్రం.

హైదరాబాదు, సికింద్రాబాదులలో

మూడవ నిజాం సికందర్ జా పేరున 1806లో ఏర్పడిన సికింద్రాబాదు బ్రిటిషు సైనిక స్థావరం. పాశ్చాత్య వైద్య పద్ధతులు ఈ ప్రాంతానికి వచ్చిన దారులలో కంటోన్మెంటు వైద్యులు ఒకటి, హైదరాబాదులో 1846లో స్థాపించబడిన వైద్య పాఠశాల మరొకటి. ఆ పాఠశాలకు 1880లలో ప్రిన్సిపాలుగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుని శిష్యుడు. లిస్టర్ కూడా సైమ్ వద్దనే పనిచేసి, ఆయన కుమార్తెను వివాహమాడాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా అన్న వివాదాన్ని తేల్చడానికి లారీ 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫారం కమిషన్‌లను హైదరాబాదులో నిర్వహించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇందుకు ధనసహాయం చేశాడు. మత్తుమందు రాకతో శస్త్రచికిత్సలు ఎక్కువయ్యాయి, ఎక్కువసేపు సాగాయి. ఆ మేరకు చీము పట్టే ముప్పు కూడా పెరిగింది. మత్తుమందు, యాంటీసెప్టిక్ రెండూ కలిస్తేనే ఆధునిక శస్త్రచికిత్స సాధ్యమైంది.

రెండవ కమిషన్ కోసం లండన్ నుండి లాన్సెట్ పత్రిక తరఫున వచ్చిన లాడర్ బ్రంటన్ పేరు యాంటీసెప్టిక్‌ల చరిత్రలో మరొక చోట, అంత గొప్పగా కాకుండా, కనిపిస్తుంది. పాము కరిచిన చోట గాటు పెట్టి పొటాషియం పర్మాంగనేట్ పలుకులు రుద్దడానికి వీలుగా ఒక చిన్న కత్తిని అతడు రూపొందించాడు. 1904లో లియొనార్డ్ రోజర్స్ మొదలైనవారితో కలసి దీనిపై ప్రయోగ ఫలితాలు ప్రచురించాడు. పరీక్షనాళికలో పర్మాంగనేట్ పాము విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. కానీ కాటులో విషం అప్పటికే కణజాలంలోనికి వెళ్ళిపోయి ఉంటుంది. గాటు వల్ల రక్తస్రావం, పర్మాంగనేట్ వల్ల కండ కాలడం తప్ప ప్రయోజనం లేదని తరువాత తేలి, ఆ పద్ధతిని విడిచిపెట్టారు. పాముకాటుకు గాటు పెట్టడం, మందు రుద్దడం నేటికీ కొన్ని పల్లెల్లో కనబడుతుంది. చేయవలసినది కరిచిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చడం.

సికింద్రాబాదులో, ప్రస్తుతం బేగంపేటలో ఉన్న భవనంలో, రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. రోగాలకు చెడుగాలి కాక కంటికి కనబడని జీవులు కారణమన్న సిద్ధాంతానికి ఈ ఆవిష్కరణ కూడా ఒక గట్టి ఆధారమైంది.

సికింద్రాబాదు రైల్వే స్టేషను ఎదుట కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిగా ఉండి తరువాత గాంధీ ఆసుపత్రిగా పేరు మారిన వైద్యశాల 2003లో ముషీరాబాదుకు తరలింది. 2020 మార్చి 2న తెలంగాణలో నమోదైన మొదటి కోవిడ్-19 రోగికి ఇక్కడే చికిత్స జరిగింది. ఆపై ఇది రాష్ట్రంలో కోవిడ్ చికిత్సకు ప్రధాన ఆసుపత్రి అయింది. అంతవరకు ఆసుపత్రి గోడలకే పరిమితమైన ఆల్కహాలు చేతి శుద్ధి ద్రావణం శానిటైజర్ అన్న పేరుతో ఇంటింటికీ చేరినది ఆ నెలలలోనే. కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 13న శానిటైజర్లను తాత్కాలికంగా నిత్యావసర వస్తువుల జాబితాలో చేర్చి, తరువాతి వారంలో 200 మిల్లీలీటర్ల సీసా ధర 100 రూపాయలు మించరాదని ఉత్తర్వు ఇచ్చింది. చక్కెర మిల్లుల మొలాసిస్ నుండి ఆల్కహాలు తీసే డిస్టిలరీలు కూడా శానిటైజర్ తయారీకి దిగాయి.

పనిచేసే విధానం

యాంటీబయాటిక్ సాధారణంగా బాక్టీరియాలోని ఏదో ఒక భాగాన్ని మాత్రమే దెబ్బతీస్తుంది. యాంటీసెప్టిక్ అలా కాదు. ఒకేసారి అనేక చోట్ల దాడి చేస్తుంది. అందువల్లనే వీటికి లొంగని బాక్టీరియా రావడం అరుదు, అసాధ్యం మాత్రం కాదు.

ఈ దాడి ముఖ్యంగా మూడు తీరులలో జరుగుతుంది. ఆల్కహాలు, ఫినాల్ వంటివి కణంలోని మాంసకృత్తుల ఆకృతిని చెడగొడతాయి. గుడ్డు తెల్లసొనను వేడి చేసినపుడు అది గడ్డకట్టినట్లే ఇక్కడ కూడా జరుగుతుంది. ఆకృతి చెడిన మాంసకృత్తి పని చేయదు. అయొడిన్, క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, పర్మాంగనేట్ ఆక్సీకరణం ద్వారా ఎంజైములను, కొవ్వులను ధ్వంసం చేస్తాయి. క్లోర్‌హెక్సిడిన్, సెట్రిమైడ్ అణువులకు ధనావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది. కనుక అవి అతుక్కొని, కణత్వచానికి చిల్లులు పడి లోపలి పదార్థం కారిపోతుంది.

సూక్ష్మజీవులన్నీ ఒకే తీరుగా లొంగవు. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా, రేబీస్ వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అది సబ్బుకు, ఆల్కహాలుకు తేలికగా కరిగిపోతుంది. ఆ పొర లేని నోరోవైరస్ వంటివి గట్టివి. క్షయ కారక బాక్టీరియాకు మైనపు పూత రక్షణ. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా స్పోర్లు అన్నింటికంటె మొండివి. స్పిరిట్ వాటిని ఏమీ చేయలేదు. చీము, రక్తం, మట్టి ఉన్నచోట మందు వాటితోనే కలసి ఖర్చయిపోతుంది. కాబట్టి ముందు కడగడం, తరువాతనే మందు.

వాడుకలో ఉన్న యాంటీసెప్టిక్‌లు

స్పిరిట్: సూది మందుకు ముందు దూదితో రుద్దే స్పిరిట్‌లో ఇథైల్ ఆల్కహాలు గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాలు గానీ ఉంటుంది. నూటికి నూరు పాళ్ళ శుద్ధ ఆల్కహాలు కంటె 60 నుండి 80 శాతం ఆల్కహాలు బాగా పనిచేయడం చదువరులకు వింతగా తోస్తుంది. మాంసకృత్తుల ఆకృతి చెడడానికి నీరు అవసరం. శుద్ధ ఆల్కహాలు బాక్టీరియా పైభాగాన్ని త్వరగా ఎండబెడుతుందే గాని లోపలికి అంతగా చొరబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన చేతి శుద్ధి ద్రావణంలో 80 శాతం ఇథనాల్, లేదా 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, చర్మం పొడిబారకుండా 1.45 శాతం గ్లిసరాల్, ద్రావణంలో ఉండిపోగల స్పోర్లను చంపడానికి 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటాయి. ఆల్కహాలు క్షణాలలో పనిచేస్తుంది, క్షణాలలో ఆవిరవుతుంది. తరువాత దాని ప్రభావం మిగలదు. తెరచిన గాయంపై పోస్తే మంట పుట్టడమే కాక, గాయపు ద్రవం గడ్డకట్టి దాని క్రింద బాక్టీరియా భద్రంగా ఉండిపోతుంది.

అయొడిన్: 1811లో ఫ్రెంచి రసాయనవేత్త బెర్నార్డ్ కుర్త్వా సముద్రపు పాచి బూడిదలో అయొడిన్‌ను కనుగొన్నాడు. టింక్చర్ అయొడిన్‌లో 2 శాతం అయొడిన్, 2.5 శాతం పొటాషియం అయొడైడ్ ఆల్కహాలులో కరిగి ఉంటాయి. ఒక తరం బడిపిల్లలకు మోకాలి దెబ్బతో పాటు గుర్తుండిపోయే మంట దీనిదే. 1950లలో అయొడిన్‌ను పొవిడోన్ అనే పాలిమర్‌తో బంధించి పొవిడోన్ అయొడిన్ తయారుచేశారు. బెటాడిన్ దీని వ్యాపార నామాలలో ఒకటి. పాలిమర్ నుండి అయొడిన్ కొద్దికొద్దిగా విడుదలవుతుంది గనుక మంట తక్కువ. దీనిలో ఒక చిత్రం ఉన్నది. 10 శాతం ద్రావణాన్ని కొంత పలుచన చేస్తే బంధం సడలి, స్వేచ్ఛగా ఉండే అయొడిన్ పాలు పెరుగుతుంది. బాక్టీరియాను, శిలీంధ్రాలను, చాలా వైరస్‌లను, ఎక్కువసేపు ఉంచితే కొన్ని స్పోర్లను కూడా చంపగల విస్తృతి దీని గొప్ప గుణం. చర్మం ద్వారా కొంత అయొడిన్ రక్తంలో చేరుతుంది కనుక థైరాయిడ్ రోగులు, గర్భిణులు, నవజాత శిశువుల విషయంలో విరివిగా వాడరు. పూసి వెంటనే తుడవకూడదు, ఆరనివ్వాలి.

క్లోర్‌హెక్సిడిన్: 1950లలో ఇంగ్లండులోని ఐసీఐ సంస్థ ప్రయోగశాలలో తయారైంది. పూసిన తరువాత చర్మానికి అంటుకొని గంటల తరబడి పనిచేయడం దీని ప్రత్యేకత. దంతవైద్యులు పుక్కిలించడానికి ఇచ్చే ద్రావణంలో ఇది 0.2 శాతం ఉంటుంది. ఎక్కువ వారాలు వాడితే పళ్ళపై గోధుమరంగు గారలు పడతాయి. మామూలు సబ్బు, టూత్‌పేస్టులలోని ఋణావేశ పదార్థాలు దీనిని నిర్వీర్యం చేస్తాయి. కనుక పళ్ళు తోమిన వెంటనే పుక్కిలిస్తే ఫలితం తగ్గుతుంది. కంటిలో పడితే కార్నియా దెబ్బతినవచ్చు. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో పోస్తే వినికిడి పోవచ్చు. అరుదుగా తీవ్రమైన ఎలర్జీ కూడా వస్తుంది. సావ్లాన్ ద్రావణంలో క్లోర్‌హెక్సిడిన్‌తో పాటు సెట్రిమైడ్ కూడా ఉంటుంది. సెట్రిమైడ్ స్వతహాగా డిటర్జెంటు కూడా కావడంతో గాయంలోని మట్టి, జిడ్డు వదులుతాయి.

డెట్టాల్: 1930లలో ఇంగ్లండులో మొదలై భారతదేశంలో ఇంటిపేరు వంటిదైన ఈ ద్రవంలో క్రియాశీల పదార్థం 4.8 శాతం క్లోరోజైలెనాల్. ఇది ఫినాల్ కుటుంబానికి చెందినదే అయినా ఫినాల్ అంత ఘాటైనది కాదు. నీటిలో వేయగానే పాలవలె తెల్లబారడం చూసి మందు పనిచేస్తున్నదని అనుకునేవారున్నారు. నూనెలు, క్లోరోజైలెనాల్ నీటిలో కరగక సన్నని బొట్లుగా విడిపోవడమే ఆ తెలుపుకు కారణం, క్రిములతో దానికి సంబంధం లేదు. నీరు కలపకుండా గాయంపై పోయడం ఇళ్ళలో సాధారణంగా జరిగే పొరపాటు. అలా చేస్తే చర్మం కమిలి, గాయం మానడం ఆలస్యమవుతుంది. సీసాపై వ్రాసిన కొలత ప్రకారం పలుచన చేసి వాడాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్: గాయంపై పోయగానే నురగ వస్తుంది. రక్తంలోను, కణాలలోను ఉండే కాటలేజ్ అనే ఎంజైము దీనిని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వలన ఈ నురగ పుడుతుంది. నురగ చచ్చిన కణజాలాన్ని, మట్టిని పైకి తేవడానికి ఉపకరిస్తుంది గాని క్రిములను చంపే శక్తి కొద్దిసేపే. కొత్తగా పెరుగుతున్న కణాలను కూడా ఇది చంపుతుంది కాబట్టి మానుతున్న పుండుకు రోజూ వాడడం తగదు. మూసుకొని ఉన్న లోతైన కుహరాలలో పోస్తే ఆక్సిజన్ బుడగలు రక్తనాళాలలో ప్రవేశించి ప్రాణాపాయం కలిగిన సందర్భాలు వైద్య గ్రంథాలలో కలవు.

పొటాషియం పర్మాంగనేట్: ఊదారంగు పలుకులుగా దొరుకుతుంది. రసి కారే గజ్జికి, పాదాల పుండ్లకు పదివేల వంతుల నీటిలో ఒక వంతు చొప్పున, గులాబీ రంగు వచ్చేంత పలుచగా వాడతారు. 19వ శతాబ్దం చివర కలరా తగ్గించడానికి ఇ. హెచ్. హాంకిన్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త బావులలో దీనిని వేయించాడు. కరగని పలుకు చర్మంపై పడితే కాలుతుంది.

ఇవిగాక కాలిన గాయాలకు 1 శాతం సిల్వర్ సల్ఫాడయజీన్ లేపనం వాడకంలో ఉన్నది. ఒకప్పుడు ప్రతి డిస్పెన్సరీలో కనబడిన ఎర్రమందు మెర్క్యురోక్రోమ్‌లో పాదరసం ఉండడంతో అమెరికా 1998లో దానిని సురక్షితమని గుర్తించే మందుల నుండి తొలగించింది. నోటిపూతకు పూసే నీలిమందు జెన్షియన్ వైలెట్‌పై కేన్సరు అనుమానంతో 2019లో కెనడా ప్రభుత్వం హెచ్చరిక జారీచేసింది. పసిపిల్లల ఒరుపులకు చల్లే బోరిక్ ఆమ్లం పొడి రక్తంలో చేరి మరణాలకు కారణం కావడంతో ఆ వాడుక పోయింది.

పసుపులోని కర్కుమిన్ ప్రయోగశాలలో కొన్ని బాక్టీరియాలను అణచగలదు. అయితే వంటింటి పసుపు స్టెరిలైజు చేసినది కాదు. దానిలోనే దుమ్ము, స్పోర్లు ఉండవచ్చు. గీరుకుపోయిన చర్మానికి హాని ఉండకపోవచ్చును గాని, లోతైన గాయంలో కూరడం ప్రమాదం.

వైద్యంలో ఉపయోగాలు

శస్త్రచికిత్సకు ముందు చర్మాన్ని శుద్ధి చేయడానికి ఆల్కహాలులో కలిపిన క్లోర్‌హెక్సిడిన్ వాడాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. క్లోర్‌హెక్సిడిన్ పనికిరాని కంటికి మాత్రం పొవిడోన్ అయొడినే శరణ్యం. శుక్లాల ఆపరేషనుకు ముందు 5 శాతం పొవిడోన్ అయొడిన్ చుక్కలు వేయడం వల్ల కంటిలోపల చీము పట్టి చూపు పోయే ప్రమాదం బాగా తగ్గుతుంది.

యాంటీసెప్టిక్ ఎంత మంచిదైనా పరికరాల స్టెరిలైజేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. 2022 ఆగస్టు 25న హైదరాబాదు సమీపాన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజున 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. వారిలో నలుగురు కొద్ది రోజులలోనే ఇన్‌ఫెక్షన్ సోకి మరణించారు. ఒక లాప్రోస్కోపును ఒక రోగి తరువాత మరొకరికి వాడాలంటే మధ్యలో దానిని శుద్ధి చేయడానికి తగిన సమయం కావాలి. శిబిరాలలో కొరవడేది తరచు ఆ సమయమే.

కుక్కకాటు విషయంలో మొదటి పావుగంట విలువైనది. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాల పాటు కడిగి, తరువాత పొవిడోన్ అయొడిన్ గానీ స్పిరిట్ గానీ రాయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. తెరచిన గాయంపై స్పిరిట్ వద్దన్న నియమానికి ఇది మినహాయింపు. రేబీస్ సోకితే మరణం దాదాపు ఖాయం కనుక ఇక్కడ మంట లెక్కలోనికి రాదు. కారం, సున్నం, ఆకు పసరు పెట్టరాదు. కడగడంతో పని పూర్తికాదు, టీకా తప్పనిసరి. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ టీకాకు చిరకాలంగా పేరుపొందినవి.

బొడ్డుతాడు కోసిన చోట పేడ, బూడిద, నూనె రాయడం వల్ల పూర్వం ఎందరో శిశువులు ధనుర్వాతంతో చనిపోయేవారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారంతో ప్రసవాలు చేయించడం వల్ల ఈ మరణాలు తగ్గాయి. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన తొలి భారతీయ రాష్ట్రంగా ధ్రువీకరణ పొందింది. దేశమంతటికీ ఈ ధ్రువీకరణ 2015లో వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ బొడ్డును పొడిగా, ఏమీ రాయకుండా ఉంచితే చాలు. ఇంటి ప్రసవాలు, శిశు మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో మాత్రం 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ పూయమని సూచిస్తారు.

ఇంట్లో తగిలే చిన్న దెబ్బలకు కుళాయి నీరు, సబ్బు చాలావరకు సరిపోతాయి. మట్టిలో తుప్పుపట్టిన మేకు దిగినప్పుడు పైన ఎంత టింక్చరు పూసినా లోపలి స్పోర్లకు అది అందదు. అక్కడ కాపాడేది ధనుర్వాతం టీకా. మధుమేహం ఉన్నవారు కాలి పుండుకు సొంతంగా మందులు పోసుకుంటూ రోజులు గడపడం కాలు పోవడానికి దారితీస్తుంది.

జాగ్రత్తలు, ప్రమాదాలు

యాంటీసెప్టిక్ సీసాలో సూక్ష్మజీవులు పెరగవన్నది అపోహ. 1980లలో అమెరికాలో పొవిడోన్ అయొడిన్ సీసాలలోనే సూడోమొనాస్ జాతి బాక్టీరియా బయటపడింది. సెట్రిమైడ్ పలుచని ద్రావణాలలో కూడా ఇది పెరగగలదు. ఖాళీ అయిన సీసాను కడగకుండా మళ్ళీ నింపడం, బిరడా బదులు దూది పెట్టడం ఇందుకు దోహదం చేస్తాయి. స్పిరిట్‌లో ముందుగానే నానవేసిన దూది ఉండలను డబ్బాలో నిల్వచేసి రోజంతా వాడే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంటున్నది. ఇది నేటికీ అనేక క్లినిక్‌లలో కనిపించే దృశ్యం.

ఆల్కహాలు ద్రావణాలు తేలికగా అంటుకుంటాయి. శానిటైజర్ రాసుకొని ఆరకముందే పొయ్యి వెలిగించడం, దీపం ముట్టించడం కూడదు. ఆపరేషను గదిలో చర్మంపై పూసిన మందు ఆరకముందు విద్యుత్తుతో కోసే పరికరం వాడితే రోగి ఒంటికి నిప్పంటుకునే ప్రమాదం ఉన్నది. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, మామూలు సబ్బు కంటె ఎక్కువ మేలు చేస్తాయని రుజువు లేనందున, ట్రైక్లోసాన్‌తో కలిపి 19 రసాయనాలను ఇంటి వాడుక సబ్బులలో నిషేధించింది.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం వీటిని త్రాగడం. 2020 జూలై చివరి రోజులలో ప్రకాశం జిల్లా కురిచేడులో, లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూసి ఉన్న సమయంలో, శానిటైజర్ త్రాగి పదిమందికి పైగా మరణించారు. వారిలో కొందరు భిక్షాటన చేసేవారు, కొందరు రోజుకూలీలు. శానిటైజర్‌లో ఇథనాల్ పాలు మామూలు మద్యంలో కంటె దాదాపు రెట్టింపు. పైగా అది త్రాగడానికి తయారైనది కాదు. నాసిరకం సరుకులో మిథైల్ ఆల్కహాలు కలిసి ఉండే అవకాశం కూడా ఉన్నది. అమెరికాలో కూడా అదే సంవత్సరం మిథైల్ ఆల్కహాలు ఉన్న అనేక శానిటైజర్లపై హెచ్చరికలు జారీ అయ్యాయి. మిథైల్ ఆల్కహాలు కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. త్రాగిన తరువాత కొన్ని గంటల వరకు మామూలు మత్తుగానే ఉండి, ఆపై చూపు మసకబారడం, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఫోమెపిజోల్ అనే మందు, లేదా వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే ఇథనాల్, డయాలిసిస్ దీనికి చికిత్స. అవి అందవలసినది చూపు తగ్గక ముందే.